అమెరికాలో క్రిమినల్ కేసు పడితే జ్యూరీని వదులుకోవాలా వద్దా, ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు ఏమేం చేయాలి

మా చిన్నాన్న కొడుకు డాలస్ దగ్గర ఉంటాడు, రెంట్ విషయంలో రూమ్‌మేట్‌తో మాటామాటా పెరిగి తోపులాట అయ్యి, ఎవరో పోలీసులకి ఫోన్ చేసి, తెల్లారేసరికి వాడి మీద అసాల్ట్ (దాడి) కేసు. క్లాస్ ఎ మిస్‌డిమీనర్ అన్నారు, అంటే టెక్సస్‌లో ఏడాది దాకా జైలు పడే కేసు. నేను లీవ్ పెట్టి వాడితో కోర్టుకి వెళ్ళా. హాలు బయట బెంచీ మీద కూర్చుంటే లాయర్ ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి కాగితాల కట్ట చేతిలో పెట్టి, పసుపు స్టిక్కర్ ఉన్న చోటల్లా సంతకం పెట్టమని చెప్పి ఫోన్ మాట్లాడుకుంటూ పక్కకి వెళ్ళిపోయింది. వాడు పెన్ను తీసి చకచకా పెట్టేస్తున్నాడు. నాలుగో కాగితం దగ్గర నేను చెయ్యి పట్టుకుని ఆపాను, ఎందుకంటే పైన జ్యూరీ ట్రయల్ వేవర్ అని ఉంది, అంటే జ్యూరీతో విచారణ హక్కు వదులుకుంటున్నానని. ఇదేంట్రా అంటే "ఏమో అన్నయ్యా, ఫార్మాలిటీ అంట" అన్నాడు.

అది ఫార్మాలిటీ కాదు. ఆ రోజు నుంచి దీని గురించి చదివింది, లాయర్లని అడిగి తెలుసుకున్నది అంతా ఇక్కడ రాస్తున్నా. నేను లాయర్ని కాదు, మీ కేసుకి మీ లాయరే చెప్పాలి, కానీ లాయర్ని ఏం అడగాలో తెలియకపోతే ఆయన చెప్పేది కూడా సగమే అర్థమవుతుంది.

ముందు ఒక్క విషయం. జ్యూరీ అంటే మామూలు జనంలోంచి ఎంచిన కొంతమంది కేసు విని దోషో కాదో తేల్చేవాళ్ళు, మన ఇళ్ళల్లో దాన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఇండియాలో ఒకప్పుడు ఉండేది, 1959లో బొంబాయిలో నేవీ ఆఫీసర్ నానావతి హత్య కేసులో జ్యూరీ 8-1తో నిర్దోషి అంటే జడ్జి ఒప్పుకోకుండా హైకోర్టుకి పంపడం, అక్కడ శిక్ష పడటం, 1961లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేయడం జరిగింది, తర్వాత 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో జ్యూరీ పూర్తిగా పోయింది. అందుకే మనకి కోర్టంటే జడ్జి గారే. ఊళ్ళో పెద్దమనిషి చెప్పినట్టు చదువుకున్న ఒక్కాయన విని తీర్పు చెప్తే న్యాయం జరుగుతుందని ఒక నమ్మకం, ముక్కూమొహం తెలియని పన్నెండు మంది తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ మన యాస విని ఏమనుకుంటారో అని ఒక భయం. ఈ నమ్మకం ఈ భయం కలిసి మనతో సంతకం పెట్టించేస్తాయి. జడ్జిని ఎంచుకోవడం తప్పు అనను, కొన్ని కేసుల్లో అదే కరెక్ట్. కానీ అలవాటు కొద్దీ ఎంచుకోవద్దు.

స్టెప్ 1: అసలు మీ కేసుకి జ్యూరీ హక్కు ఉందో లేదో చూసుకోండి

అమెరికా రాజ్యాంగంలో ఆరో సవరణ జ్యూరీ హక్కు ఇస్తుంది, 1968లో డంకన్ వర్సెస్ లూసియానా కేసుతో అది రాష్ట్రాల కోర్టులకి కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ డంకన్ 19 ఏళ్ళ నల్లజాతి కుర్రాడు, ఒక తెల్ల కుర్రాడి మోచేతి మీద కొట్టాడని కేసు, రెండేళ్ళ దాకా శిక్ష పడగలిగే నేరం అయినా జ్యూరీ అడిగితే ఇవ్వలేదు, జడ్జి ఒక్కడే విని 60 రోజుల జైలు 150 డాలర్ల ఫైన్ వేశాడు. మన చేతిలో ఉన్న ఆ కాగితం వెనక ఈ కుర్రాడి కేసు ఉంది.

రాజ్యాంగం ప్రకారం లెక్క ఆరు నెలలు. గరిష్ఠ శిక్ష ఆరు నెలలు దాటితే జ్యూరీ హక్కు ఖాయం, ఆరు నెలలో అంతకంటే తక్కువో అయితే మామూలుగా ఉండదు, రాష్ట్రం తన చట్టంలో ఇస్తే తప్ప. ఇక్కడే రాష్ట్రానికీ రాష్ట్రానికీ చాలా తేడా. న్యూజెర్సీలో తాగి డ్రైవ్ చేశారని కేసు పడితే మునిసిపల్ కోర్టులో జడ్జే వింటారు, జ్యూరీ లేనే లేదు, 200 డాలర్ల లోపు షాప్‌లిఫ్టింగ్ కూడా అంతే. అదే డ్రైవింగ్ కేసు టెక్సస్‌లో అయితే ఆరుగురి జ్యూరీ, ట్రాఫిక్ టికెట్‌కి కూడా అక్కడ జ్యూరీ అడగొచ్చు. కాలిఫోర్నియాలో మిస్‌డిమీనర్‌కి (చిన్న తరహా నేరానికి) కూడా పన్నెండు మంది. అందుకని న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న ఫ్రెండ్ చెప్పింది విని టెక్సస్ ప్లేనోలో కూర్చుని డిసైడ్ అవ్వకండి. చార్జ్ షీట్ మీద సెక్షన్ నంబర్ చూసి లాయర్ని మూడు ప్రశ్నలు అడగండి: గరిష్ఠ శిక్ష ఎంత, జ్యూరీ ఉందా, ఉంటే ఎంతమంది.

స్టెప్ 2: ఇది మీ నిర్ణయం అని మీ లాయర్‌కి కూడా తెలిసేలా చెప్పండి

ఏ సాక్షిని పిలవాలి, ఏం ప్రశ్న వేయాలి లాంటివి లాయర్ ఇష్టం. కానీ నేరం ఒప్పుకోవాలా వద్దా, జ్యూరీ వదులుకోవాలా వద్దా, నేను బోనెక్కి మాట్లాడాలా వద్దా, అప్పీల్‌కి వెళ్ళాలా వద్దా అనే నాలుగూ క్లయింటువే. లాయర్ సలహా ఇస్తారు, గట్టిగా కూడా చెప్తారు, కానీ మీ తరఫున ఆయన వదిలేయకూడదు.

మనోళ్ళకి డబ్బు కట్టిన లాయర్ని కూడా ఎదురు అడగాలంటే మొహమాటం. "సర్, ఈ కాగితం నాకు అర్థం కాలేదు, నేను ఇవాళ సంతకం పెట్టను, రేపు కూర్చుని మాట్లాడదాం" అనండి. మా వాడు అదే అన్నాడు, గొంతు వణికింది కానీ అన్నాడు. ఆ లాయర్ కొంచెం చిరాకు పడ్డారు, కానీ మర్నాడు నలభై నిమిషాలు కూర్చోబెట్టి చెప్పారు. ఆ నలభై నిమిషాలు ముందే ఇచ్చి ఉంటే బాగుండేది అని నాకు ఇప్పటికీ కోపమే.

స్టెప్ 3: ఏం పోతుందో లెక్కేసుకోండి

ఇది మాత్రం నిదానంగా చదవండి.

జ్యూరీ దోషి అని చెప్పాలంటే అందరూ ఒక్క మాట మీద ఉండాలి. 2020లో రామోస్ వర్సెస్ లూసియానా తీర్పు తర్వాత ఈ రూల్ అన్ని రాష్ట్రాలకీ ఖాయం అయింది. అంటే పన్నెండు మందిలో పదకొండు మంది దోషి అన్నా, ఒక్కరికి నిజంగా అనుమానం ఉండి కదలకపోతే దోషి అనే తీర్పు రాదు. అలాగని మీరు బయటపడ్డట్టు కూడా కాదు, అది తేలని ట్రయల్ అవుతుంది, ప్రాసిక్యూటర్ మళ్ళీ మొదటి నుంచి నడపొచ్చు. కానీ చాలా బలం అది. బెంచ్ ట్రయల్‌లో, అంటే జ్యూరీ లేకుండా జడ్జి ఒక్కరే వినే ట్రయల్‌లో, మీరు ఒప్పించాల్సింది ఒక్కరినే అని అనుకుంటాం కదా, దాన్ని తిరగేసి చూడండి, ప్రాసిక్యూటర్ కూడా ఒప్పించాల్సింది ఒక్కరినే.

జ్యూరీని ఎంచేటప్పుడు మీ వైపు మాట కూడా ఉంటుంది, ఇది కూడా వదులుకుంటున్నట్టే. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టులో ఫెలనీ, అంటే ఏడాది పైన జైలు పడగలిగే పెద్ద నేరం కేసైతే, కారణం చెప్పకుండా డిఫెన్స్ పది మందిని తీసేయొచ్చు, ప్రభుత్వం ఆరుగురిని. అది కాక పక్షపాతం కనిపిస్తే కారణం చెప్పి ఎంతమందినైనా తీసేయమని అడగొచ్చు, ఇండియా వాళ్ళ మీద, ఇమిగ్రెంట్ల మీద మీ అభిప్రాయం ఏంటని మీ లాయర్ వాళ్ళని అడిగేలా జడ్జి పర్మిషన్ కోరొచ్చు. జడ్జిని మాత్రం మీరు ఎంచుకోరు, కంప్యూటర్ ఎవరిని ఇస్తే వాళ్ళు.

ఇంకోటి చాలామందికి తట్టదు. పోలీసులు హక్కులు చెప్పకుండా మీతో ఏదో ఒప్పించారు అనుకోండి, మీ లాయర్ వాదించి దాన్ని సాక్ష్యంగా తీసేయించారు. జ్యూరీకి ఆ మాట చెవిన పడదు. బెంచ్ ట్రయల్‌లో దాన్ని తీసేసిన జడ్జి, తీర్పు చెప్పే జడ్జి ఒకరే అయ్యే అవకాశం ఎక్కువ. జడ్జి దాన్ని మనసులోంచి తీసేస్తారని చట్టం నమ్ముతుంది. మీరు నమ్ముతారా అనేది మీరు ఆలోచించుకోవాలి.

మరి జడ్జి ఎప్పుడు మేలు? కేసు మొత్తం ఒక లీగల్ పాయింట్ మీద ఉంటే, అంటే జరిగింది జరిగిందని అందరూ ఒప్పుకుంటారు కానీ అది ఈ సెక్షన్ కిందకి వస్తుందా అనేదే ప్రశ్న అయితే. వందల ఇన్‌వాయిస్‌లూ ఈమెయిల్సూ ఉన్న బిల్లింగ్ కేసులు, వీసా పేపర్ల కేసులు లాంటివాటిలో ఓపిగ్గా కాగితం చదివే జడ్జి కావాలని లాయర్లు అంటారు. ఫోటోలు చూస్తేనే కడుపులో తిప్పే కేసు, ఊరంతా టీవీలో చూసేసిన కేసు, వాటిలో కూడా. అదే ఎవరు నిజం చెప్తున్నారు అనేదే కేసు అయితే, మీ మాట ఒకటి వాళ్ళ మాట ఒకటి అయితే, ఎక్కువమంది కళ్ళు ఉండటం మంచిదని నా అభిప్రాయం. ఒక తోపులాటలో భయపడి చెయ్యి అడ్డం పెట్టడం అంటే ఏంటో మామూలు మనుషులకి అర్థమవుతుంది.

పరువు కోసం జ్యూరీ వద్దనుకునేవాళ్ళు ఉన్నారు, పన్నెండు మంది ముందు నా సంసారం విప్పాలా అని. బెంచ్ ట్రయల్ కూడా తలుపులు తెరిచే జరుగుతుంది, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, కేసు రికార్డు కూడా రెండింటిలో ఒకేలా ఉంటుంది. పరువు లెక్క ఇక్కడ పనికిరాదు.

స్టెప్ 4: వీసా మీద ఉంటే ఇమిగ్రేషన్ లాయర్ని విడిగా అడగండి

ఎఫ్-1, హెచ్-1బి, గ్రీన్ కార్డ్ ఏదైనా సరే. జడ్జి దోషి అన్నా జ్యూరీ దోషి అన్నా ఇమిగ్రేషన్ చట్టానికి అది కన్విక్షనే (నేరం రుజువైనట్టే), తేడా ఏమీ లేదు. కాబట్టి బెంచ్ ట్రయల్ "చిన్నది" అనుకోవద్దు. దొంగతనం లాంటి కేసుల్లో, గృహ హింస కేసుల్లో, శిక్ష సస్పెండ్ చేసినా కూడా దేశం నుంచి పంపేసే దాకా వెళ్ళే సందర్భాలు ఉన్నాయి. నేరం ఒప్పుకుంటే డిపోర్టేషన్ ప్రమాదం ఉందో లేదో క్రిమినల్ లాయర్ చెప్పి తీరాలని 2010లో పడియా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ తీర్పు నేరం ఒప్పుకునే సందర్భం గురించి. ట్రయల్‌కి వెళ్తున్నా మీరు అదే అడగండి, రాతపూర్వకంగా ఒక ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి.

స్టెప్ 5: మీరు వద్దనుకుంటే సరిపోతుందా, ఇంకెవరి ఒప్పుకోలు కావాలో తెలుసుకోండి

జ్యూరీ మీ హక్కు కానీ, జ్యూరీ లేకుండా ట్రయల్ అడగడం అన్నిచోట్లా హక్కు కాదు. 1930లో ప్యాటన్ కేసు వచ్చేదాకా అసలు వదులుకోవచ్చా అనేదే సందేహం. ఆ ట్రయల్ మధ్యలో ఒక జ్యూరర్‌కి జబ్బు చేస్తే ఇరుపక్షాలూ పదకొండు మందితో కానిద్దాం అన్నారు, శిక్ష పడ్డాక అది చెల్లుతుందా అని సుప్రీంకోర్టుకి వెళ్ళింది, కోర్టు చెల్లుతుంది అంది, కానీ నిందితుడు తెలిసి స్పష్టంగా ఒప్పుకోవాలి, ప్రభుత్వం ఒప్పుకోవాలి, జడ్జి ఒప్పుకోవాలి అంది. 1965లో సింగర్ అనే ఆయన ట్రయల్ త్వరగా అయిపోవాలి జ్యూరీ వద్దు అంటే ప్రాసిక్యూటర్ కాదన్నాడు, ప్రాసిక్యూటర్‌కి ఆ అధికారం ఉంది పొమ్మంది సుప్రీంకోర్టు.

ఫెడరల్ కోర్టులో ఇప్పటికీ అంతే, ఫెడరల్ క్రిమినల్ ప్రొసీజర్ రూల్ 23 ప్రకారం మీరు రాసి ఇవ్వాలి, ప్రభుత్వం సరే అనాలి, జడ్జి సరే అనాలి. టెక్సస్‌లో మీరు స్వయంగా, రాతపూర్వకంగా, ఓపెన్ కోర్టులో, ప్రాసిక్యూటర్, జడ్జి ఇద్దరి ఒప్పుకోలుతో, ఫెలనీ అయ్యి లాయర్ లేకపోతే ముందు లాయర్ని పెట్టాకే వేవర్ తీసుకోవాలి. కాలిఫోర్నియాలో ప్రాసిక్యూటర్ కూడా ఒప్పుకోవాలి, అక్కడ మీరూ మీ లాయరూ ఇద్దరూ ఓపెన్ కోర్టులో నోటితో చెప్పాలి, లాయర్ ఒక్కరు చెప్తే చాలదు. న్యూయార్క్, ఇల్లినాయిస్‌లలో ప్రాసిక్యూటర్ అభ్యంతరం చెప్పినా మీ వేవర్ ఆగదు, న్యూయార్క్‌లో మీరు ఓపెన్ కోర్టులో జడ్జి ఎదురుగా సంతకం పెట్టాలి. నార్త్ కరోలినాలో అయితే ఫెలనీ ట్రయల్‌లో జ్యూరీ వదులుకునే దారే, 2014లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగ సవరణకి ఒప్పుకునేదాకా, లేదు.

ప్రాసిక్యూటర్ ఎందుకు సరే అంటున్నాడు లేదా ఎందుకు వద్దంటున్నాడు అని కూడా మీ లాయర్ని అడగండి. వాళ్ళు వెంటనే సరే అంటే కొంచెం ఆగి ఆలోచించండి.

స్టెప్ 6: తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ముందే అడగండి

మాస్టర్స్ చేశాం, ఆఫీసులో ఇంగ్లీషే, మాకెందుకు అంటారు. ఆఫీసు ఇంగ్లీషు వేరు, కోర్టు ఇంగ్లీషు వేరు. తల్లిదండ్రులు విజిట్‌కి వచ్చినప్పుడు కేసు పడితే చెప్పనే అక్కర్లేదు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ అన్ని కోర్టుల్లో రెడీగా ఉండరు, ఫోన్‌లోనో వీడియోలోనో పెడతారు, అందుకే డేట్‌కి కొన్ని వారాల ముందే లాయర్‌తో రిక్వెస్ట్ పెట్టించండి. రూమ్‌మేట్‌నో బంధువునో పెట్టుకుని మాట్లాడించుకోవద్దు, నేను కూడా ఆ పని చేయబోయి మానుకున్నా, "వేవ్" అనే మాటకి నాకే సరైన తెలుగు రాలేదు.

స్టెప్ 7: జడ్జి అడిగే రోజు

జడ్జి మిమ్మల్ని నిలబెట్టి వరుసగా అడుగుతారు. వయసు, చదువు, ఇవాళ మందులు గానీ మద్యం గానీ తీసుకున్నారా, పన్నెండు మందిని లేదా ఆరుగురిని ఎంచడంలో మీకు భాగం ఉంటుందని తెలుసా, అందరూ ఏకమైతేనే దోషి అంటారని తెలుసా, వదులుకుంటే నేనొక్కడినే నిర్ణయిస్తానని తెలుసా, ఎవరైనా బెదిరించారా, ఏమైనా ఆశ పెట్టారా, లాయర్‌తో తగినంత టైమ్ మాట్లాడారా.

ఇక్కడ మన అలవాట్లు రెండు అడ్డొస్తాయి. మొదటిది తల ఊపడం. మనం అవును అనడానికి కూడా తల పక్కకి ఊపుతాం, వాళ్ళకి అది కాదు అన్నట్టు కనిపిస్తుంది, పైగా పక్కన టైప్ చేసే కోర్ట్ రిపోర్టర్ తల ఊపుడు రాయలేరు. మా వాడి ముందు నిలబడ్డ పెద్దాయన ఒకరు తల ఊపుతూనే ఉన్నారు, జడ్జి మూడుసార్లు "నోటితో చెప్పండి సర్" అనాల్సి వచ్చింది. రెండోది ఇంకా ప్రమాదం, పెద్దవాళ్ళు ఏమడిగినా "ఎస్ సర్" అనేయడం. అర్థం కాకపోయినా ఎస్ సర్. ఒక్క ఎస్ సర్‌తో మీ హక్కు పోతుంది, తర్వాత అప్పీల్‌లో నాకు అర్థం కాలేదు అంటే ఆ ట్రాన్‌స్క్రిప్ట్‌లో మీ ఎస్ సర్‌లు వరుసగా కనిపిస్తాయి. ఇంట్లో ప్రాక్టీస్ చేయండి, నేనూ మా వాడూ కిచెన్‌లో నిలబడి చేశాం, నేను జడ్జిని వాడు వాడే, అర్థం కాని ప్రశ్న వేసినప్పుడల్లా "నాకు అర్థం కాలేదు, లాయర్‌తో మాట్లాడాలి" అని ఇంగ్లీషులో చెప్పించా. పది సార్లకి గానీ వాడి నోటికి రాలేదు.

జ్యూరీ వదిలేస్తే శిక్ష తగ్గిస్తాను అని జడ్జి ఆశ చూపించకూడదు, కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2001లో ఒక కేసులో అలా తీసుకున్న వేవర్‌ని కొట్టేసింది కూడా. అలాంటి మాట ఎవరి నోట విన్నా ఆ "ఏమైనా ఆశ పెట్టారా" అనే ప్రశ్న దగ్గర దాచకండి.

స్టెప్ 8: సంతకం పెట్టాక

కాపీ తీసుకోండి. డేట్ రాసుకోండి. మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చా అంటే, ట్రయల్ మొదలయ్యేలోపు అడగొచ్చు, ఇవ్వడం ఇవ్వకపోవడం చాలాచోట్ల జడ్జి ఇష్టం, ఎంత ముందు అడిగితే అంత నయం. ట్రయల్ మొదలయ్యాక ఆశ పెట్టుకోవద్దు. ఫెడరల్ బెంచ్ ట్రయల్ అయితే తీర్పుకి ముందే మీ లాయర్ చేత ప్రత్యేకంగా కారణాలు చెప్పమని అడిగించండి, అడిగితే జడ్జి ఏ విషయం ఎలా తేల్చారో చెప్పి తీరాలి, అప్పీల్‌లో అది పనికొస్తుంది. టెక్సస్‌లో ఇంకో సంగతి, జ్యూరీ ట్రయల్ ఉంచుకుంటే శిక్ష కూడా జ్యూరీయే వేయాలని అడిగే వీలుంది, అది జ్యూరీ ఎంపిక మొదలవ్వకముందే రాసి ఇవ్వాలి, ఆ కాగితం మర్చిపోయి తర్వాత బాధపడేవాళ్ళు ఉన్నారు.

ఇక మా వాడు ఏం ఎంచుకున్నాడు, కేసు ఏమైంది అని అడుగుతారు. చెప్పను, వాడు వద్దన్నాడని ఒకటి, చెప్తే మీరు దాన్ని బట్టి మీ కేసు తేల్చుకుంటారని ఇంకొకటి. రెండు వారాలు తీసుకున్నాడు, లాయర్‌తో రెండుసార్లు కూర్చున్నాడు, ఇమిగ్రేషన్ లాయర్‌కి విడిగా ఫీజు కట్టాడు, జడ్జి అడిగిన ప్రతి ప్రశ్నకీ నోరు తెరిచి జవాబు చెప్పాడు, ఒక చోట అర్థం కాలేదు అని కూడా అన్నాడు. జడ్జి ఆగి, ఆ ప్రశ్న చిన్న మాటల్లో మళ్ళీ అడిగారు.